మైనం పట్టించిన కాన్వాస్ బరకం: దేనికి పనికొస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది

సరుకు: కాటన్ కాన్వాస్ టార్పాలిన్, 500 జీఎస్ఎం (చదరపు మీటరుకి 500 గ్రాములు), 12×18 అడుగులు. బయట నెలల తరబడి ఉండే యంత్రాలకీ కట్టెలకీ కప్పడానికి ప్లాస్టిక్ పట్టా కంటే ఇదే మేలు. ఆరబెట్టుకునే చోటు లేనివాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు.

ప్లాస్టిక్ కింద రాత్రి చెమ్మ చేరి, తెల్లారేసరికి ఇనుము మీద నీటి బొట్లు నిలుస్తాయి. చుక్క వాన పడకపోయినా తుప్పు మొదలవుతుంది. కాన్వాస్‌లోంచి ఆ చెమ్మ చాలావరకు బయటికి పోతుంది. గాలికి టపటపా కొట్టుకోదు, బరువుకి కుదురుగా కూర్చుంటుంది. ఆ బరువే చిక్కు కూడా. ఈ సైజు దాదాపు 20 చదరపు మీటర్లు, పొడిగా ఉన్నప్పుడే 10 కిలోలు. తడిస్తే ఒక్కరు మోయలేరు.

కొనేటప్పుడు శాంపిల్ ముక్క అడగండి. 10 సెంటీమీటర్ల చదరం 5 గ్రాములు తూగితే 500 జీఎస్ఎం నిజమే. కానీ అది గుడ్డ బరువా, మైనంతో కలిపా అన్నది తేల్చుకోవాలి. పలచని గుడ్డకి మైనం దట్టంగా పట్టించినా కాటా అదే అంకె చూపిస్తుంది. వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి, సూదిమొనల్లా వెలుగు కనిపిస్తే నేత వదులుగా ఉన్నట్టు. 12×18 అన్నది కట్ సైజా, కుట్టాక సైజా అని కూడా అడగాలి. మడతలకీ అతుకులకీ పోను ఒక్కో వైపు అర అడుగు దాకా తగ్గొచ్చు.

ఐలెట్లు, అంటే తాడు కట్టడానికి అంచున బిగించే లోహపు కన్నాలు, ఇత్తడివి కావాలి, రెండడుగులకి ఒకటైనా ఉండాలి. ఇనుపవి తుప్పు పట్టి, ఆ తుప్పు చుట్టూ గుడ్డని తినేస్తుంది. తర్వాత గట్టి గాలి వస్తే ఐలెట్ చుట్టూ ఉన్న గుడ్డతో సహా ఊడొస్తుంది. అంచు రెండు మడతలు వేసి, లోపల తాడు పెట్టి కుట్టినదే తీసుకోండి.

కొత్త బరకం మొదటి వానకి కుట్ల దగ్గర చెమర్చడం లోపమేమీ కాదు. వాడకముందే రెండుసార్లు నీళ్లతో తడిపి పూర్తిగా ఆరనిస్తే నూలు ఉబ్బి సూది రంధ్రాలు మూసుకుంటాయి. అప్పటికీ కారుతుంటే కుట్ల మీద మైనం రుద్దాలి.

కప్పేటప్పుడు అతుకులు వాలు వెంబడి ఉండాలి, అడ్డంగా కాదు. మధ్యలో దూలమో కర్రో ఎత్తి వాలు ఇవ్వండి. చదరపు మీటరు మేర సెంటీమీటరు నీళ్లు నిలిస్తే 10 కిలోలు, ఆ బరువుకి గుడ్డ ఇంకా సాగి గుంట ఇంకా లోతవుతుంది. తడి కాన్వాస్ లోపలి వైపు సరుకు ఆనుకుంటే సరిగ్గా అక్కడే నీరు దిగుతుంది, కాబట్టి కాస్త ఖాళీ వదలాలి. పదునైన మూలలకి పాత ట్యూబు ముక్క చుట్టండి. పారఫిన్ మైనానికి నిప్పు తొందరగా అంటుకుంటుంది. వెల్డింగ్ జరిగే చోట, వేడి సైలెన్సర్ మీద ఇది కప్పకూడదు.

ఎక్కువ బరకాలు పాడయ్యేది మడతపెట్టేటప్పుడే. పైన గుడ్డ ఆరినట్టే ఉంటుంది, అంచు లోపలి తాడు మాత్రం తడిగానే ఉంటుంది. వేళ్లతో నొక్కితే చల్లగా తగులుతుంది. అలాగే చుట్టేస్తే బూజు నల్ల చుక్కలుగా ముందు అక్కడే వచ్చి గుడ్డ చివికిపోతుంది. తాడు కూడా ఆరాకే మడిచి, నేలకి ఎత్తులో, ఎలుకలు చేరని చోట పెట్టండి.

ఉతకడానికి సబ్బు పొడి వద్దు, మైనం పోతుంది. మామూలు నీళ్లు, మెత్తని బ్రష్ చాలు. నీటి బొట్టు జారకుండా గుడ్డలోకి ఇంకుతుంటే మళ్లీ మైనం పట్టించే సమయం వచ్చినట్టే. ఎండలో పరిచి, గుడ్డ వేడెక్కాక రుద్దితే బాగా పడుతుంది. చిరిగితే అదే రకం గుడ్డతో, చిరుగు కంటే అన్ని వైపులా 5 సెంటీమీటర్లు ఎక్కువగా, మూలలు గుండ్రంగా కత్తిరించి మాసిక వేయాలి. కోసుగా వదిలిన మూల ముందుగా లేచిపోతుంది.