గది డబ్బులు ఒరెగాన్‌లో, గది మిస్సోరీలో

అమెరికాలో ఊరి పేరు ఒక్కటి చెబితే సరిపోదని తెలిసే, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బస కుదుర్చుకున్నప్పుడు ఒరెగాన్ రాష్ట్రమని స్పష్టంగా ఎంచుకుని, రెండు గదులకు పన్నులతో కలిపి 286 డాలర్ల 40 సెంట్లు ముందుగానే చెల్లించాము. చేరేసరికి రాత్రవుతుందని చెప్పడానికి దారిలో బుకింగ్ సంస్థకు ఫోన్ చేయడంతో చిక్కు మొదలైంది. ఫోన్ ఎత్తిన ఉద్యోగి మా పాత బుకింగ్‌ను రద్దు చేసి, అదే పేరున్న మరో హోటల్లో, మిస్సోరీ రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, కొత్తగా రెండు గదులు తీసి పెట్టాడు. రాత్రి పదకొండు గంటలకు కౌంటరు ముందు నిలబడ్డాక గానీ ఆ సంగతి బయటపడలేదు.

కౌంటరులోని అమ్మాయి కంప్యూటరు తెరను మా వైపు తిప్పి చూపించింది. మా పేర్లు సరిగ్గానే ఉన్నాయి, ఊరూ స్ప్రింగ్‌ఫీల్డే. "మన గది ఇక్కడికి ఎంత దూరం బాబూ?" అని మావయ్యగారు అడిగారు. దాదాపు రెండు వేల మైళ్లని చెప్పాను. అత్తయ్యగారు ఏమీ అనలేదు కానీ పెట్టె మీద కూర్చున్న తీరులోనే అంతా అర్థమైంది. ఆ రాత్రికి మిగిలిన ఒకే ఒక గదిని 189 డాలర్లకు తీసుకుని నలుగురం సర్దుకున్నాము. మార్పు మీరు కోరితేనే చేశామని, అది తిరిగి చెల్లించే రకం బుకింగ్ కాదని వాదించిన ఆ సంస్థ, చివరికి 40 డాలర్ల కూపన్ పంపి చేతులు దులుపుకుంది. ఈ దారిన వెళ్లేవారికి నా సలహా ఒక్కటే: మధ్యవర్తి సంస్థకు కాక హోటల్‌కే నేరుగా ఫోన్ చేయండి, ఊరి పేరుకు బదులు జిప్ కోడ్, అంటే అక్కడి పిన్‌కోడ్, చెప్పండి. ఒరెగాన్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మేము దిగిన చోటిది 97477.

మన దగ్గరా రామాపురాలకు కొదవ లేదు గదా అని మర్నాడు మావయ్యగారు ఆ ఉద్యోగిని కొంత సమర్థించబోయారు. రామాపురాలన్నింటికీ రాముడే మూలమనుకోవచ్చు గానీ, స్ప్రింగ్‌ఫీల్డ్‌లు ఒక తల్లి పిల్లలు కావు. 1636లో విలియం పిన్చన్ మసాచుసెట్స్‌లో స్థాపించిన స్థావరానికి, ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో ఉన్న ఆయన స్వగ్రామం పేరు తరువాత పెట్టారు. లింకన్ నివసించిన ఇల్లినాయ్ స్ప్రింగ్‌ఫీల్డ్ మొదట కాల్హూన్ అనే నాయకుడి పేరుతో ఉండి, 1832లో ఈ పేరుకు మారింది. ఒరెగాన్‌లోని ఊరికి మాత్రం, పొలంలో ఉన్న నీటి ఊట వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు.

ఈ చిక్కుకు ముందు ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ మమ్మల్ని మురిపించింది. 1845లో ఆ స్థలానికి హక్కుదారులైన ఇద్దరిలో, మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చిన ఫ్రాన్సిస్ పెట్టిగ్రోవ్ తన ప్రాంతపు పోర్ట్‌లాండ్ పేరునూ, మసాచుసెట్స్ నుంచి వచ్చిన ఏసా లవ్‌జాయ్ బోస్టన్ పేరునూ పట్టుబట్టారు. రాగి నాణెం ఎగరేయగా మూడుసార్లలో రెండుసార్లు పెట్టిగ్రోవ్ గెలిచాడు. ఆ నాణేన్ని ఒరెగాన్ హిస్టారికల్ సొసైటీ మ్యూజియంలో చూడవచ్చు. మెయిన్‌లోని పోర్ట్‌లాండ్ పేరు కూడా అరువే, అది ఇంగ్లండు దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్ దీవి నుంచి వచ్చింది. నగరం నడిబొడ్డున కారు నిలపడానికి మాకు 18 డాలర్లయింది. ఆ ఒక్క నాణెం కోసమైనా ఆ ఖర్చు దండగ కాదని నేనంటాను, మా ఆవిడ ఒప్పుకోదు.

ఒరెగాన్ రాజధాని సేలంలో ఒక పూట ఆగి, శాసనసభ భవనం శిఖరాన ఉన్న బంగారు పూత విగ్రహాన్ని చూశాము. తమిళనాడు సేలం మామిడిపళ్లను తలచుకున్న అత్తయ్యగారికి, ఈ సేలం బైబిలు నుంచి వచ్చిందని, ఇక్కడ మొదట స్థిరపడినవారు మెథడిస్టు అనే క్రైస్తవ శాఖకు చెందిన మిషనరీలని చెప్పాల్సి వచ్చింది. 1692లో మంత్రగత్తెలంటూ అమాయకులను ఉరితీసిన సేలం వేరు, అది మసాచుసెట్స్‌లో ఉంది.

ఈ యాత్రలో మనస్ఫూర్తిగా మెచ్చుకోదగ్గ బస మాత్రం తిరుగు దారిలో ఆల్బనీలో దొరికింది. గది అద్దె 94 డాలర్లు, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు ఆగకుండా వచ్చాయి. మోటెల్ నడిపే గుజరాతీ దంపతులు, అత్తయ్యగారు శాకాహారి అని తెలియగానే తమ వంటింట్లో చేసుకున్న థెప్లాలనే మెంతి రొట్టెలు, అల్లం టీ తెచ్చి ఇచ్చారు. డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు. ముందు రాత్రి నుంచి ముభావంగా ఉన్న అత్తయ్యగారు అక్కడే నోరు విప్పి, ఆ ఇల్లాలిని మెంతిపొడి పాళ్లు అడిగారు. ఈ ఊరిని మాంటీత్ సోదరులు 1848లో స్థాపించి, తమ స్వరాష్ట్రం న్యూయార్క్ రాజధాని పేరు పెట్టారు. ఆ పాత ఆల్బనీ, 1664లో డచ్చివారి నుంచి ఇంగ్లీషువారి చేతికి వచ్చినప్పుడు, యార్క్‌కూ ఆల్బనీకీ డ్యూక్ అయిన రాజకుమారుడి బిరుదు నుంచి పేరు తెచ్చుకుంది. న్యూయార్క్ పేరూ ఆయన బిరుదే. ఒరెగాన్ ఆల్బనీలో మాంటీత్ సోదరులు కట్టుకున్న ఇల్లు ఇప్పటికీ మ్యూజియంగా ఉంది.

ఆఖరి రాత్రి కొలంబియా నది దాటి వాన్‌కూవర్‌లో 79 డాలర్లకు పడుకున్నాము. గది ఇరుకైనా, పోర్ట్‌లాండ్‌లో మేము చూసిన ధరలతో పోలిస్తే నయమే. నావికుడు జార్జ్ వాన్‌కూవర్ పేరు మీద ఉన్న ఈ ఊరు వాషింగ్టన్ రాష్ట్రంలోనిది. అదే మనిషి పేరుతో కెనడాలో మహానగరం ఉంది కనుక, తల్లిదండ్రులతో వచ్చేవారు డబ్బు కట్టేముందు దేశం పేరు కూడా చూసుకోవాలి. గది అక్కడ పడితే వారికి వేరే వీసా కావాలి.