డాలస్‌లో మనవాళ్లకు: ‘వెజిటబుల్ ప్లేట్’ పేరు చూసి మోసపోకండి

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లను సరదాగా అమెరికా దక్షిణాది (సదరన్) వంటల హోటల్‌కి తీసుకెళ్దామనుకునేవాళ్లు ముందు ఇది చదవండి. పోయిన శనివారం ఇక్కడ ఒక డైనర్‌లో మాకు జరిగింది. పేరు రాయడం లేదు. ఈ తరహా హోటళ్లలో చాలాచోట్ల వంట ఇదే పద్ధతి.

మా అత్తయ్యగారు మాంసం ముట్టరు. మెనూలో వెజిటబుల్ ప్లేట్ అని ఉంది: నాలుగు సైడ్‌లు, ఒక కార్న్‌బ్రెడ్ (మొక్కజొన్న రొట్టె). గ్రీన్ బీన్స్, కాలర్డ్ గ్రీన్స్ అనే ఆకుకూర, పింటో బీన్స్, మాక్ అండ్ చీజ్ చెప్పాం. వీటిలో మాంసం లేదు కదా అని గుచ్చి గుచ్చి అడిగితే వెయిట్రెస్ నవ్వుతూ ‘నో మీట్, హనీ’ అంది. అత్తయ్యగారు కాస్త తిన్నాక బీన్స్ అడుగున గోరంత గులాబీ ముక్క బయటపడింది. బేకన్, అంటే పంది మాంసం. అనుమానమొచ్చి ఆకుకూర కెలికితే అందులోనూ మాంసం పీచులు. ఆవిడ ఇంటికొచ్చి తలస్నానం చేసేదాకా మాతో సరిగ్గా మాట్లాడితే ఒట్టు.

మేనేజర్‌ని పిలిస్తే, ‘అది రుచి కోసం వేసేది, మాంసం కింద లెక్క కాదు’ అన్నాడు. నిజానికి ఆ వంట తీరే అంత. కాలర్డ్ ఆకుని పంది కాలి ముక్కతో, హామ్ హాక్ అంటారు, గంటల తరబడి ఉడికిస్తారు. మనం పప్పులో ఇంగువ వేసినంత మామూలుగా బీన్స్‌లో బేకన్ పడుతుంది. కార్న్‌బ్రెడ్ మూకుడుకి బేకన్ కొవ్వు రాసేవాళ్లూ ఉన్నారు. వండుకోవడం వాళ్లిష్టం, కాదనను. అడిగినప్పుడు లేదని చెప్పడమే నాకు మండింది.

అలర్జీ చార్టు చూసి కూడా ధైర్యపడకండి. ఫెడరల్ చట్టంలో ప్రధాన అలర్జీ పదార్థాలు 9: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతల్లాంటివి, వేరుశనగ, బాదం జీడిపప్పు వగైరా, గోధుమ, సోయా, 2023 నుంచి నువ్వులు. పంది, గొడ్డు మాంసాలు ఆ లెక్కలోకే రావు. అందుకే ‘మాంసం ఉందా’ అని కాకుండా హామ్ హాక్, బేకన్, లార్డ్ (పంది కొవ్వు), చికెన్ బ్రాత్ (చికెన్ ఉడికించిన రసం) అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి, కిచెన్‌లో కనుక్కుని రమ్మనండి. బెండకాయ ఫ్రై కావాలంటే, చికెన్ వేయించిన నూనెలోనే వేస్తారా అని కూడా అడగాలి.

మాంసం తినేవాళ్లకూ ఒక మాట. చికెన్ ఫ్రైడ్ స్టేక్‌లో చికెన్ ఉండదు, అది బీఫ్. టెక్సస్‌లో దానికెంత క్రేజ్ అంటే, 2011లో శాసనసభ అక్టోబర్ 26ని ఏకంగా దాని పేరిట రోజుగా ప్రకటించింది. మామయ్యగారు చికెన్ అనుకుని అదే చెప్పబోతుంటే మా ఆయన ఆపారు. మీకు కావాల్సింది చికెన్ ఫ్రైడ్ చికెన్. బిస్కెట్స్ అండ్ గ్రేవీ (ఇక్కడ బిస్కెట్ అంటే మెత్తటి బన్ లాంటిది) చెబితే, ఆ తెల్ల గ్రేవీ సాధారణంగా పోర్క్ సాసేజ్‌తోనే చేస్తారు.

ఇక బిల్లు. తినని ప్లేటుకి డబ్బులు తగ్గించలేదు సరికదా, ఈసారి వస్తే పీచ్ కాబ్లర్ అనే స్వీటు ఫ్రీ అని కూపన్ చేతిలో పెట్టాడు. ఎవరికి కావాలి? పైగా మేం ఆరుగురం కాబట్టి 18 శాతం గ్రాట్యుటీ, అంటే టిప్పే, ముందే కలిపేసి, కార్డు గీకే మెషీన్‌లో మళ్లీ 20, 22, 25 అని టిప్ ఆప్షన్లు. పెద్ద గుంపుగా వెళ్లినప్పుడు బిల్లులో గ్రాట్యుటీ లైన్ ఉందేమో చూసుకోండి. ఉంటే మెషీన్‌లో ‘నో టిప్’ నొక్కడానికి మొహమాటపడక్కర్లేదు.