సెకండ్ హ్యాండ్ లెన్స్ కొంటున్నారా? చీకట్లో దీపాల ఫొటో తీసి చూశాకే డబ్బు ఇవ్వండి

బీచ్‌లో సాయంత్రం, రాత్రి ఫొటోలు తీయడానికి పాత లెన్స్ కోసం వెతుకుతున్న వాళ్లందరికీ ఈ హెచ్చరిక. "ఫంగస్ లేదు, హేజ్ లేదు, గ్లాస్ నీట్‌గా ఉంది" అని వాట్సాప్‌లో రాసి పంపి మరీ ఒక షాపువాళ్లు నాకు లోపల హేజ్ (గాజు మీద మసక పొర) పట్టిన లెన్స్ అమ్మారు. 35 ఎంఎం, ఎఫ్ 1.8 ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్. కొత్తదాని ధరలో దాదాపు సగం తీసుకున్నారు. పగలు తీసిన ఫొటోల్లో లోపం ఎక్కడా కనిపించలేదు. దీపాలు వెలిగాకే బయటపడింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. కానీ లోపం పగలు దాక్కునే రకం, అమ్మేవాళ్లు చూపించేది పగటిపూటే. కాబట్టి ఇది ఎవరికైనా జరగొచ్చు.

నేను ఫొటోలు తీసేది విశాఖలో. మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోకి దిగడు, పడమటి కొండల వెనక్కి పోతాడు. ఇక్కడ సాయంత్రం అసలు అందం సూర్యుడికి ఎదురు దిక్కున, సముద్రం మీద ఉంటుంది. పొద్దు కుంకిన కాసేపటికి నీళ్ల పైన బూడిద కలిసిన నీలిరంగు పట్టీ ఒకటి పైకి లేస్తుంది. అది భూమి నీడ. దాని మీద గులాబీ రంగు పరుచుకుంటుంది. పౌర్ణమి నాడైతే ఇంచుమించు అదే సమయానికి చంద్రుడు సముద్రంలోంచి వస్తాడు. ఆ తర్వాత ఓ ఇరవై నిమిషాలు ఆకాశం నిండు నీలంగా ఉంటుంది. అప్పటికే బీచ్ రోడ్డు దీపాలు, కుర్సురా సబ్‌మెరైన్ దగ్గరి లైట్లు, పోర్టులోకి రావడానికి దూరంగా లంగరేసుకున్న ఓడల దీపాలు, డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ అన్నీ వెలుగుతుంటాయి. నల్లటి నేపథ్యం మీద చిన్న చిన్న వెలుగు చుక్కలన్నమాట. లెన్స్‌కి ఇంతకన్నా కఠినమైన పరీక్ష లేదు.

నా లెన్స్ ఆ పరీక్షలో పూర్తిగా విఫలమైంది. ప్రతి దీపం చుట్టూ పాలలాంటి తెల్లటి వలయం. నల్లగా ఉండాల్సిన సముద్రం బూడిద రంగులో వచ్చింది. ఓడల దీపాలు విడివిడి చుక్కలుగా కాకుండా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఎపర్చర్‌ని (కాంతి లోపలికి వచ్చే రంధ్రాన్ని) ఎఫ్ 8కి తగ్గించి, ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 100లో తీసినా ఆ తెలుపు కొంత తగ్గిందే గానీ పోలేదు.

హేజ్ అంటే లోపలి గాజుల మీద పట్టే సన్నటి పొర, అద్దం మీద నోటితో ఊదినప్పుడు కనిపించేలాంటిది. లెన్స్ లోపలి గ్రీజు, నూనె ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరై గాజు మీద చేరడం దీనికి ఒక ముఖ్య కారణం. పగటి వెలుగులో దృశ్యమంతా ఇంచుమించు ఒకే వెలుగుతో ఉంటుంది. పొర చెదరగొట్టిన కాంతి ఫొటో అంతటా పరుచుకుని కాంట్రాస్ట్ (వెలుగు నీడల తేడా) కాస్త తగ్గినట్టు మాత్రమే ఉంటుంది. కెమెరా తనే కాంట్రాస్ట్ సర్ది ఇచ్చే జేపెగ్ ఫొటోలో ఆ కాస్త తేడా కూడా తెలియదు. చీకట్లో బలమైన దీపం ఎదురైతే మాత్రం చెదిరిన కాంతి నలుపు మీద పడి లోపాన్ని ఎత్తి చూపిస్తుంది. ట్యూబ్‌లైట్ల కింద గోడ మీది క్యాలెండర్‌ని ఫొటో తీయించి "చూడండి సార్, ఎంత షార్ప్‌గా ఉందో" అనడానికి ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పుడు అర్థమైంది.

ఫోన్ చేస్తే వాళ్ల మొదటి మాట: "బీచ్‌లో తీస్తే ఉప్పు గాలికి అలాగే వస్తుంది సార్." ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. అలల తుంపర నిజంగానే ముందు గాజు మీద ఉప్పు పొర వేస్తుంది. ఏసీ గదిలోంచి తిన్నగా బీచ్‌కి వెళ్తే లెన్స్ చెమర్చి కూడా ఇలాంటి ఫొటోలే వస్తాయి. తేడా ఎలా తెలుస్తుందంటే, ఉప్పు తుడిస్తే పోతుంది. చెమ్మ, కెమెరాను బ్యాగులోనే ఉంచి ఓ అరగంట బయటి వేడికి అలవాటు పడనిస్తే పోతుంది. లోపలి హేజ్ ఎన్నిసార్లు తుడిచినా పోదు. నేను లెన్స్ ముందు బిగించిన యూవీ ఫిల్టర్ (రక్షణ గాజు) తీసేసి, గాజు తుడిచి, ఫ్రెండ్ దగ్గరున్న అలాంటిదే ఇంకో లెన్స్‌తో అదే చోట, అదే సెట్టింగ్‌లతో వెంటవెంటనే తీశాను. అతని లెన్స్‌తో దీపాలు స్పష్టంగా వచ్చాయి. ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి పంపాక షాపువాళ్లు ఉప్పు గాలి ఊసెత్తలేదు. "సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటివి మామూలే" అన్నారు. డబ్బు తిరిగివ్వరట, కావాలంటే ఫ్రీగా క్లీన్ చేయిస్తారట.

ఆ క్లీనింగ్‌కి నేను ఒప్పుకోలేదు. లెన్స్ విప్పి గాజులు తుడిచి మళ్లీ బిగించేటప్పుడు ఏదైనా గాజు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఫొటోలో ఒక పక్క స్పష్టంగా, ఇంకో పక్క మసకగా వస్తుంది. సరైన పరికరాలున్న సర్వీస్ సెంటర్‌లో అయితే సరే, కౌంటర్ వెనక స్క్రూడ్రైవర్‌తో చేసే పనికి మాత్రం నేను నా లెన్స్ ఇవ్వను. ఇలా ఎక్కడో విప్పి బిగించినవి కూడా అమ్మకానికి వస్తుంటాయి. లెన్స్ చుట్టూ ఉన్న స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే అనుమానించండి.

ఫంగస్ సంగతి వేరు. అది సన్నటి దారాల్లా, కొమ్మలుగా చీలుతూ కనిపిస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో బీరువాలో మూలన పడేసిన లెన్స్‌లకి ఇది పట్టడం మామూలే. ముదిరితే గాజు మీది కోటింగ్‌ని తినేస్తుంది. అప్పుడు శుభ్రం చేసినా మచ్చ అలాగే ఉంటుంది.

కాబట్టి కొనేముందు ఫోన్ టార్చ్ వేసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, లెన్స్‌ని కాస్త ఏటవాలుగా పట్టుకుని ముందు నుంచీ వెనక నుంచీ చూడండి. ఒకటి రెండు దుమ్ము రేణువులు ఉంటాయి, వాటికి టెన్షన్ అక్కర్లేదు. ముందు గాజు మీద చిన్న గీత కన్నా వెనక గాజు మీది మరక ఎక్కువ చెడుపు చేస్తుంది. అయితే పలచటి హేజ్ టార్చ్ వెలుగులోనూ కొన్నిసార్లు దొరకదు. అందుకే చీకటి పడ్డాక షాపు బయటికి తీసుకెళ్లి వీధి దీపాన్ని ఎపర్చర్ పూర్తిగా తెరిచి (నా లెన్స్‌లాంటిదైతే ఎఫ్ 1.8లో) తీయండి. దీపాన్ని ఫ్రేమ్ మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి ఉంచండి. మూలల్లో దీపం కొంచెం రెక్కలు వచ్చినట్టు సాగడం సహజం, కానీ ఎడమ పక్క ఎంత సాగిందో కుడి పక్క కూడా అంతే సాగాలి. ఫిల్టర్ ఉంటే తీయించండి, తీయకపోతే ఫొటోలో దీపాల ఉత్తుత్తి ప్రతిబింబాలు వచ్చి తప్పు లెన్స్‌దో ఫిల్టర్‌దో తేలదు. "షాపు ఆరింటికే మూసేస్తాం" అంటే ఇంకో షాపు చూసుకోండి. ఇందులో మొహమాటం వద్దు.

ఇక డబ్బు సంగతి. లెన్స్ సీరియల్ నంబర్‌తో బిల్లు తీసుకోండి. కండిషన్ గురించి వాళ్లు చెప్పింది వాట్సాప్‌లో అయినా రాయించుకోండి, ఆ చాట్ చెరిపేయకండి. అమ్మినవాళ్లు వ్యాపారులైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం మనకు ఆసరా. బిల్లులో గడువు ఏదీ లేకపోతే, 30 రోజుల్లోపు లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని నిరాకరించడం ఆ చట్టం ప్రకారం అన్యాయమైన వ్యాపార పద్ధతే. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 5 లక్షల రూపాయల్లోపు చెల్లించి కొన్నవాటికి ఫీజు లేదు, ఫిర్యాదు చేయడానికి రెండేళ్ల గడువు ఉంటుంది. ఆన్‌లైన్ ప్రకటన చూసి ఒక మామూలు వ్యక్తి దగ్గర కొంటే మాత్రం ఈ దారి ఉండదు, అక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండండి. లెన్స్ చేతికి రాకముందే యూపీఐలో అడ్వాన్స్ పంపమంటే పంపకండి.

నేను 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. రెండు ఫొటోలు, బిల్లు, వాట్సాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్ జత చేశాను. షాపువాళ్లు ఇప్పుడు కొంత కోసుకుని మిగతాది ఇస్తామంటున్నారు. నేను పూర్తి డబ్బే అడుగుతున్నాను. మీలో ఎవరైనా ఈ మధ్య పాత లెన్స్ కొని పగలే వాడుతూ ఉంటే, ఇవాళ రాత్రే మీ వీధి దీపం మీద తీసి చూసుకోండి. 30 రోజులు దాటకముందే తెలుసుకోవాల్సిన విషయం ఇది.