చెన్నైలో పక్కపక్కనే: ఎర్ర హాలు, తెల్ల భవనం

చెన్నై సెంట్రల్ స్టేషన్ నుంచి పూందమల్లి హైరోడ్డు మీదికి వస్తే రెండు పాత కట్టడాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఎర్ర ఇటుకలది విక్టోరియా పబ్లిక్ హాలు, తెల్లగా పొడవుగా ఉన్నది రిప్పన్ బిల్డింగ్. చాలామంది రెండూ ఒకే ఆఫీసు అనుకుంటారు, కానీ కాదు.

ఎర్రది ఊరి జనం టౌన్ హాలు. 1883లో దానికి శంకుస్థాపన చేసింది మన విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు. డిజైన్ రాబర్ట్ చిజమ్‌ది. అక్కడ నాటకాలు ఆడారు, 1897లో వివేకానందుడు ప్రసంగించాడు, 1916లో బ్రాహ్మణేతరుల జస్టిస్ పార్టీకి బీజం పడిన సమావేశం జరిగింది. అప్పట్లో తెలుగువాళ్లకూ రాజధాని మద్రాసే కాబట్టి, ఆ గోడలు మన మాటలు కూడా బాగానే విని ఉంటాయి.

తెల్లది పరిపాలనకు కట్టింది. 1688లో పుట్టిన మద్రాసు కార్పొరేషన్ 1913లో ఇందులోకి మారింది. స్థానిక స్వపరిపాలనకు 1882లో బాట వేసిన బ్రిటిష్ వైస్రాయి రిప్పన్ పేరే పెట్టారు. మధ్యలో గడియారం టవరు. చెత్త, పన్నుల గురించి నిర్ణయాలు ఇక్కడే.

రిప్పన్ బిల్డింగ్‌కు రోజూ పని ఉంటుంది కాబట్టి సున్నం, మరమ్మతు అడక్కుండానే అందుతాయి. హాలుకు ఆ అదృష్టం దక్కలేదు, ఏళ్ల తరబడి మూతపడి ఉండిపోయింది. ఫొటోకు తెల్లదే బాగుంటుంది, ఒప్పుకుంటాను. నిలబడి చూడాలంటే మాత్రం నాకు ఎర్రదే.