వీర్యకణాల కదలిక చూడ్డానికి ఏ డై మేలు?

గన్నవరంలో వెటర్నరీ పీజీ చేసేవాళ్లు, గుంటూరు లాం ఫారం వైపు ఒంగోలు ఎద్దుల వీర్యంతో పనిచేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: ఫ్లోరోసెన్స్‌లో (డై వేసి, కాంతితో కణాన్ని వెలిగించి) మొటిలిటీ, అంటే కణాల కదలిక చూడాలంటే హెక్స్ట్ 33342 అనే డై తీసుకోవాలా, సైబర్-14, పీఐ (ప్రొపీడియం అయోడైడ్, చచ్చిన కణాల్లోకే వెళ్లే డై) జోడీయా?

హెక్స్ట్, సైబర్-14 రెండూ బతికున్న కణంలోకి వెళ్లి డీఎన్ఏకి అంటుకునేవే. అసలు తేడా వాటిని వెలిగించే కాంతిలో ఉంది. హెక్స్ట్‌కి 350 నానోమీటర్ల దరిదాపు యూవీ కావాలి, సైబర్-14కి 488 నీలికాంతి చాలు. యూవీ అయితే డై లేకపోయినా కణాన్ని దెబ్బతీస్తుంది. వీర్యకణం పొరనిండా అసంతృప్త కొవ్వులే, ఆక్సీకరణ మొదలైతే ముందు పాడయ్యేది అదే. ఆపైన ఏటీపీ (కణానికి శక్తినిచ్చే పదార్థం) తగ్గి తోక ఆడడం మందగిస్తుంది.

ఇది చూసి చాలామంది డై విషమనుకుని డోసు తగ్గిస్తారు. ముందు స్లైడుని పక్కకి జరిపి, ఫ్లోరోసెన్స్ వెలుగు పడని చోట ఫేజ్ కాంట్రాస్ట్‌లో (మామూలు వెలుగుతోనే కణాల్ని స్పష్టంగా చూపే పద్ధతి) చూడండి. అక్కడ కణాలు చురుగ్గా ఈదుతుంటే తప్పు దీపానిది. అక్కడా నీరసంగా ఉంటే డోసు ఎక్కువైంది, లేదా స్లైడు చల్లబడింది. మే నెలలో విజయవాడ ల్యాబుల్లో ఏసీ గట్టిగా పెడతారు కాబట్టి స్లైడు, కవర్‌స్లిప్ రెండూ 37 డిగ్రీల ప్లేటు మీదే ఉంచాలి.

ఈ పనికి సైబర్-14 జోడీయే మేలు. 1 మిల్లీమోలార్ స్టాకుని బఫర్‌లో 50 రెట్లు పలచన చేసి, 1 మి.లీ. శాంపిల్‌కి 5 మైక్రోలీటర్లు వేయండి, 100 నానోమోలార్ అవుతుంది. 37 డిగ్రీల్లో, చీకట్లో 10 నిమిషాలు ఉంచాక 2.4 మిల్లీమోలార్ పీఐ 5 మైక్రోలీటర్లు కలిపి ఇంకో 5 నిమిషాలు ఆగండి. బతికినవి ఆకుపచ్చగా, చచ్చినవి ఎర్రగా కనిపిస్తాయి. ఫోకస్ మామూలు వెలుగులోనే కుదుర్చుకుని, ఫొటో తీసే క్షణానికే షట్టర్ తెరవాలి.

లింగ నిర్ధారిత వీర్యానికి (ఎక్స్, వై కణాల్ని యంత్రంలో లేజర్‌తో వేరుచేసినది) మాత్రం హెక్స్టే. ఎద్దులో ఎక్స్ కణానికి డీఎన్ఏ సుమారు 3.8 శాతం ఎక్కువ, ఆ కాస్త తేడా పట్టించేది ఈ డైయే. పైగా అక్కడ కణం లేజర్ ముందు నిలవదు, రెప్పపాటులో దాటిపోతుంది.

రోజ్ బెంగాల్ అనే ఇంకో డై ఎండిన స్మియర్లకే (స్లైడు మీద పలచగా పూసి ఆరబెట్టిన వీర్యానికే). ఆకుపచ్చ వెలుగు తగిలితే సింగ్లెట్ ఆక్సిజన్ (కణాన్ని దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్) విడుదల చేస్తుంది, ట్యూబ్‌లైటు కింద బతికున్న కణాల దగ్గరికి రానివ్వొద్దు.

ఏ డై వాడినా నాలుగు ట్యూబులు పెట్టండి: డై, వెలుగు రెండూ లేనిది, డై మాత్రమే, వెలుగు మాత్రమే, రెండూ ఉన్నది. మూడోదాంట్లోనే మొటిలిటీ పడిపోతే, డై మార్చేముందు దీపానికి ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే గాజు) పెట్టి చూడండి.