జీఫోర్ట్రాన్: ప్రోగ్రాం దిగుతుంది, చిక్కంతా డేటా దగ్గరే

కాకినాడలోనో భీమవరంలోనో ఒక కన్సల్టెంటు చేతికి కాలవలో నీటిమట్టాన్ని సెక్షన్ సెక్షన్‌గా లెక్కగట్టే పాత ఫోర్ట్రాన్ ‘బ్యాక్‌వాటర్’ ప్రోగ్రాం ఒకటి, దాని డేటా ఫైళ్లతో సహా వచ్చిందనుకోండి. రాసింది డెక్ కంపెనీ పాత కంప్యూటర్ వాక్స్ మీదో, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీదో. నడపాల్సింది ఇప్పటి లినక్స్ ల్యాప్‌టాప్ మీద. అలాంటప్పుడు ముందు అందుకోవాల్సింది, ఫోర్ట్రాన్ కోడ్‌ని యంత్రం నడపగలిగేలా మార్చే జీఫోర్ట్రాన్ కంపైలరే. ఇది జీసీసీ అనే కంపైలర్ల సముదాయంలో భాగం, పూర్తిగా ఉచితం. 2005లో జీసీసీ 4.0తో పాత ఫోర్ట్రాన్ కంపైలర్ జీ77 స్థానంలోకి వచ్చింది. ఉబుంటులో ఒక్క ఆదేశంతో ఎక్కుతుంది, విండోస్‌లో అయితే డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) పెట్టుకుని అందులో ఎక్కించడం సుఖం.

మా మార్కులు ఇవి: పాత సోర్స్ కోడ్‌ని నడిపించడంలో 5కి నాలుగున్నర, పాత బైనరీ డేటాని (అక్షరాలుగా కాక యంత్రం సొంత రూపంలో దాచినదాన్ని) చదవడంలో 5కి రెండు. ఈ రెండు పనులూ వేరువేరని తెలియకుండా మొదలుపెడితే ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది, జవాబు మాత్రం తప్పొస్తుంది.

ముందు కోడ్ సంగతి. ‘ఎస్‌టీడీ=లెగసీ’ ఆప్షన్ పెడితే కాలం చెల్లిన వాక్యాలన్నిటినీ గొడవ చేయకుండా ఒప్పుకుంటుంది. వాక్స్ కోడ్ అయితే ‘ఎఫ్‌డెక్’ కూడా చేర్చాలి. జీసీసీ 7 నుంచి ఉన్న ఈ ఆప్షన్‌తో స్ట్రక్చర్, రికార్డ్ లాంటి డెక్ కంపెనీ సొంత పోకడలు చాలావరకు నడుస్తాయి. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి సబ్‌రొటీన్‌కి (ప్రోగ్రాం పిలిచి వాడుకునే భాగానికి) పంపే ఆర్గ్యుమెంట్ల, అంటే విలువల, రకం కలవకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. లెగసీ ఆప్షన్ దాన్ని హెచ్చరిక స్థాయికి దించుతుంది కానీ, ఆ హెచ్చరికలను ఒక్కొక్కటిగా చదవాల్సిందే. కొన్ని చోట్ల పాతవాళ్లు కావాలనే రియల్ (దశాంశ సంఖ్యల) యారేని ఇంటీజర్ (పూర్ణాంకాల) జాగాలోకి పంపారు, కొన్ని చోట్ల అది నిజంగానే తప్పు.

పాత ఫోర్ట్రాన్ లైనుకి 72 కాలమ్‌లే హద్దు, అది దాటిన అక్షరాలను కంపైలర్ చప్పుడు లేకుండా వదిలేస్తుంది. ‘డబ్ల్యూఆల్’ పెడితేనే హెచ్చరిస్తుంది. వాక్స్‌లో 132 కాలమ్‌ల దాకా రాసుకున్న ఫైలుని అలాగే కంపైల్ చేస్తే వరుస చివరి పేరు సగానికి తెగి, ఆ సగం పేరుతో కొత్త వేరియబుల్ పుట్టుకొస్తుంది. లైను పొడవుని 132గా చెప్పే ఆప్షన్ ఉంది, పెట్టండి. ఒకసారి ‘ఇంప్లిసిట్ నన్’ ఆప్షన్‌తో కూడా కంపైల్ చేసి, డిక్లేర్ కాని పేర్ల పట్టీ తీసి చూడండి. తెగిన పేర్లు అందులో కనబడిపోతాయి.

అసలు దెబ్బ తీసేది లోకల్ వేరియబుళ్లు. వాక్స్‌లో సబ్‌రొటీన్ లోపలి వేరియబుల్ విలువ మళ్లీ పిలిచేదాకా చెక్కుచెదరకుండా ఉండేది, మొదట్లో సున్నాతో మొదలయ్యేది. కింది సెక్షన్‌లో వచ్చిన నీటిమట్టాన్ని గుర్తుపెట్టుకుని పై సెక్షన్‌కి వెళ్లే బ్యాక్‌వాటర్ లెక్కలు ఈ గుణం మీదే ఆధారపడతాయి. జీఫోర్ట్రాన్‌లో ఆ హామీ లేదు. ‘నో-ఆటోమేటిక్’ ఆప్షన్ మొదటి సమస్యని తీరుస్తుంది, అయితే దానికి ఓపెన్ఎంపీని (పనిని పలు ప్రాసెసర్ కోర్లకు పంచే పద్ధతిని) జత చేయకండి. రెండోదానికి ‘ఇనిట్-లోకల్-జీరో’ ఉంది, కానీ ఈక్వివలెన్స్‌లో ఉన్నవాటిని (ఒకే మెమరీ జాగాని పంచుకునే వేరియబుళ్లను) అది ముట్టుకోదు. సున్నాలు పోసి ఊరుకోవడం కన్నా ముందు ‘ఇనిట్-రియల్=ఎస్‌నాన్’ని, ‘ఎఫ్‌పీఈ-ట్రాప్=ఇన్‌వాలిడ్’ని కలిపి నడపడం మేలు. విలువ ఇవ్వకుండా వాడిన రియల్ వేరియబుల్ దగ్గర ప్రోగ్రాం ఆగిపోతుంది, ఏ లైనులో ఆగిందో బ్యాక్‌ట్రేస్ చూపిస్తుంది. యారే హద్దులు దాటితే పట్టుకునే ‘చెక్=బౌండ్స్’ కూడా ఆ పరుగులోనే పెట్టేయొచ్చు.

ఒక లోటు మాత్రం ఒప్పుకోలేం. 1966 ప్రమాణం నాటి కోడ్‌లో డూ లూప్ (ఒకే పనిని మళ్లీమళ్లీ చేయించే వాక్యం) ఎలాగూ ఒక్కసారైనా తిరుగుతుందన్న నమ్మకంతో రాసిన చోట్లు ఉంటాయి. ఉదాహరణకు, ఒక రీచ్‌లో (కాలవ భాగంలో) కలిసే మురుగు కాలవల సంఖ్య సున్నా అయినా లూప్ ఒకసారి తిరిగి ఏదో విలువ నింపేది. జీ77కి దీనికోసం ఆప్షన్ ఉండేది, జీఫోర్ట్రాన్‌కి లేదు. చేత్తో వెతికి సరిచేసుకోవడమే.

ప్రింటు ఫైళ్ల గురించి కంగారు పడనక్కర్లేదు. ప్రతి పేజీ మొదట్లో కనిపించే 1, మధ్యమధ్య వచ్చే 0, + లెక్కలో భాగం కావు, పాత లైన్ ప్రింటర్‌కి ఇచ్చిన ఆజ్ఞలు.

ఇక డేటా. టేపు నుంచో పాత సర్వర్ నుంచో ఫైలు తెచ్చేటప్పుడే సగం పాడైపోతుంది. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీని బైనరీ మోడ్‌లోనే వాడాలి. ఐబీఎం ఫైలులో ఎబ్సిడిక్ (ఐబీఎం సొంత అక్షర సంకేతం) అక్షరాలు, బైనరీ అంకెలు కలిసి ఉంటే మొత్తం ఫైలుని ఇప్పటి యంత్రాల ఆస్కీ సంకేతంలోకి మార్చకూడదు. అక్షరాలు బాగుపడతాయి, అంకెలు నాశనమవుతాయి. ఉత్త అక్షరాలే ఉన్న కార్డు ఫైలు అయితే లినక్స్‌లోని డీడీ ఆదేశంలో ‘కన్వ్=ఆస్కీ’, ‘సీబీఎస్=80’ ఇస్తే 80 అక్షరాలకొక లైను చొప్పున విడగొట్టి ఇస్తుంది.

సన్ స్పార్క్ లాంటి వర్క్‌స్టేషన్ల నుంచి వచ్చిన సీక్వెన్షియల్ బైనరీ ఫైళ్లు జీఫోర్ట్రాన్‌కి నల్లేరు మీద నడకే. అవి బిగ్-ఎండియన్, అంటే సంఖ్యలోని పెద్ద బైటు ముందు వస్తుంది. మన ల్యాప్‌టాప్‌లలో ఆ వరుస తిరగబడి ఉంటుంది. 80 బైట్ల రికార్డు ముందు ఉండే పొడవు గుర్తుని తిరగేసి చదివితే 1,34,21,77,280 అని వస్తుంది, మొదటి రీడ్ దగ్గరే ప్రోగ్రాం కుప్పకూలుతుంది. ఓపెన్ వాక్యంలో ‘కన్వర్ట్’కి బిగ్-ఎండియన్ అని ఇస్తే చాలు. సోర్స్ ముట్టుకోవడం ఇష్టం లేకపోతే ‘జీఫోర్ట్రాన్_కన్వర్ట్_యూనిట్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఏ యూనిట్ నంబర్లకు మార్చాలో చెప్పొచ్చు. ఈ సదుపాయం చాలా బాగుంది. పొడవు గుర్తులు 4 బైట్లు కాక 8 బైట్లు ఉన్న ఫైలుకి ‘రికార్డ్-మార్కర్=8’ ఉంది.

డైరెక్ట్ యాక్సెస్ ఫైళ్ల (కావాల్సిన రికార్డుకి నేరుగా వెళ్లగలిగేవాటి) దగ్గర ఇంకో మెలిక. బైనరీ ఫైలుకి వాక్స్ ఫోర్ట్రాన్‌లో రెక్‌ఎల్ (రికార్డు పొడవు) 20 అంటే ఇరవై లాంగ్‌వర్డ్‌లు, అంటే 80 బైట్లు. జీఫోర్ట్రాన్‌లో 20 అంటే ఇరవై బైట్లే. నాలుగుతో గుణించండి. ఇంకా మంచి దారి, ‘ఇంక్వయిర్’లో ‘ఐఓ-లెంగ్త్’ అడిగి అది చెప్పిన పొడవు వాడటం.

ఇంతవరకు తప్పు జరిగితే ఎక్కువ సార్లు ఎర్రరో, అర్థంలేని అంకెలో ఎదురై తెలిసిపోతుంది. దశాంశ సంఖ్యల అంతర్గత రూపం దగ్గర అలా తెలియదు. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ రూపం పదహారు ఆధారంగా నడుస్తుంది, ఇప్పటి యంత్రాల ఐఈఈఈ రూపం రెండు ఆధారంగా. 118.625ని ఐబీఎం 42 76 ఏ0 00 అని దాస్తుంది. అవే నాలుగు బైట్లను ఐఈఈఈ అనుకుని చదివితే 61.65625 వస్తుంది. నమ్మదగ్గ అంకె, ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. అడుగుల్లో రాసిన ఛైనేజీయో (కాలవ వెంబడి దూరమో) మట్టమో అయితే ఎవరికీ అనుమానం కూడా రాదు. వాక్స్ అయితే మరో దారిలో తప్పుతుంది: 1.0ని నేరుగా చదివితే సున్నాకి అతి దగ్గరి అంకె వస్తుంది.

జీఫోర్ట్రాన్‌లోని కన్వర్ట్ బైట్ల వరుసని మాత్రమే మారుస్తుంది. ఐబీఎం, వాక్స్ రూపాలు దానికి తెలియవు. రెండు మార్కులే ఇచ్చింది ఇందుకే. వాక్స్ నాలుగు బైట్ల దశాంశ రూపమైన ఎఫ్-ఫ్లోట్‌ని చేత్తో మార్చడం కష్టమేం కాదు: నాలుగు బైట్లలో ముందు రెండింటినీ వెనక రెండింటితో మార్చి, ఐఈఈఈగా చదివి, 4తో భాగించాలి. అలా చేస్తే 1.0 మళ్లీ 1.0గా వస్తుంది. ఎనిమిది బైట్ల సంఖ్యలకు వాక్స్‌లో రెండు రూపాలున్నాయి, డీ-ఫ్లోట్, జీ-ఫ్లోట్. కంపైల్ చేసేటప్పుడు వేరే చెప్పకపోతే డీ. ఏది వాడారో పాత కంపైల్ ఆదేశాల ఫైలులో చూడాలి.

ఖచ్చితత్వం విషయంలో గోదావరి డెల్టాకి ప్రత్యేకంగా తగిలే సంగతి ఒకటుంది. అమలాపురం ప్రాంతం యూటీఎం అనే మ్యాపు కోఆర్డినేట్ల పద్ధతిలో 44వ జోన్‌లో పడుతుంది, నార్తింగ్ (భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి దూరం) 18 లక్షల మీటర్ల పైమాటే. ఆ స్థాయిలో సింగిల్ ప్రెసిషన్ (నాలుగు బైట్ల) ఐఈఈఈ సంఖ్య 12.5 సెంటీమీటర్ల మెట్లలోనే కదులుతుంది. ఐబీఎం సింగిల్ అయితే మెట్టు ఏకంగా ఒక మీటరు. మట్టాలు చిన్న అంకెలు కాబట్టి వాటికి ఢోకా లేదు, కోఆర్డినేట్లను మాత్రం డబుల్‌లోనే (ఎనిమిది బైట్లలోనే) ఉంచాలి. మొత్తం ప్రోగ్రాంని ‘డీఫాల్ట్-రియల్-8’తో డబుల్ చేసేద్దామనిపిస్తుంది. అప్పుడు ఈక్వివలెన్స్‌లు చెదురుతాయి, బైనరీ రికార్డుల పొడవులు మారిపోతాయి. దానికి తోడు ‘డీఫాల్ట్-డబుల్-8’ పెట్టకపోతే, ఉన్న డబుల్ కాస్తా పదహారు బైట్లకు పెరిగి ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంది.

కంపైలర్‌తో సంబంధం లేకపోయినా తప్పనిసరిగా చూడాల్సింది కొలతల సంగతి. సోర్స్‌లో 1.486, 1.49, 2.208, 32.2, 64.4 అని వెతకండి. దొరికితే ఆ ప్రోగ్రాం అడుగుల్లో నడిచేది. కొత్త సర్వే మీటర్ల డేటా అందులో పోస్తే కాలవ ప్రవాహాన్ని లెక్కగట్టే మ్యానింగ్ సూత్రంలో 1 ఉండాల్సిన చోట 1.486 కూర్చుని, కాలవ నిజంగా మోసేదానికన్నా దాదాపు సగం ఎక్కువ నీరు మోస్తున్నట్టు చూపిస్తుంది. వాలు మైలుకి అంగుళాల్లో ఉండే మన కాలవల్లో, గట్టు దాటాల్సిన నీరు గట్టు లోపలే ఉన్నట్టు లెక్క తేలుతుంది.

మీ చేతిలో ఉన్నది హెక్-2 (అమెరికా ఆర్మీ ఇంజనీర్ల పాత బ్యాక్‌వాటర్ ప్రోగ్రాం) డేటా అయితే ఈ శ్రమంతా దండగ. వాళ్లదే అయిన కొత్త ప్రోగ్రాం హెక్-రాస్ కూడా ఉచితమే, హెక్-2 ఫైలుని నేరుగా దిగుమతి చేసుకుంటుంది. చూసుకోవాల్సింది ఒక్కటి: కన్వేయన్స్ (సెక్షన్ నీరు మోసే శక్తి) లెక్కగట్టే పద్ధతి రెంటిలో వేరు. హెక్-రాస్ సొంత పద్ధతిలో నీటిమట్టం సాధారణంగా కాస్త ఎక్కువ వస్తుంది. పాత జవాబుతో పోల్చేటప్పుడు ఆప్షన్లలో హెక్-2 పద్ధతి ఎంచుకోండి.

మిగతా బైనరీ డేటాకి మేం చెప్పే దారి ఇంటెల్ ఫోర్ట్రాన్ కంపైలర్. అదీ ఇప్పుడు ఉచితమే. దాని కన్వర్ట్‌కి ఐబీఎం, వాక్స్-డీ, వాక్స్-జీ మూడూ తెలుసు. ఫైలు చదివి టెక్స్ట్‌లోకి రాసే నలభై లైన్ల ప్రోగ్రాం దాంతో కంపైల్ చేసి, ఒక్కసారి నడిపితే సరిపోతుంది. రాసేటప్పుడు సింగిల్ సంఖ్యలకు 9, డబుల్‌కి 17 సార్థక అంకెలు ఉంచితే తిరిగి చదివినప్పుడు ఒక్క బిట్ కూడా పోదు. ఆ తర్వాత ఆ టెక్స్ట్ ఫైలుని జీఫోర్ట్రాన్ ప్రోగ్రాంకి ఇవ్వండి. అసలు బైనరీ కాపీని మాత్రం చెరపొద్దు. డీ-ఫ్లోట్‌ని జీ-ఫ్లోట్ అనుకుని మార్చేశామని ఆరు నెలల తర్వాత తెలిస్తే మళ్లీ మొదలుపెట్టడానికి అదొక్కటే దిక్కు.