ట్యూనర్లు కొన్నాను, అసలు పని నట్ దగ్గర జరిగింది

సికింద్రాబాద్‌లో చర్చి బ్యాండ్‌కి గిటార్ వాయిస్తాను. నా స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్) ట్రెమొలో బార్, అంటే స్వరాన్ని ఊగించే కడ్డీ, ముట్టుకుంటే చాలు, జి స్ట్రింగ్ శ్రుతి తప్పేది. 18:1 రేషియో లాకింగ్ ట్యూనర్లు (తీగను బిగించి పట్టుకునే శ్రుతి కీలు) కొని, నారాయణగూడలో ఇంట్లోనే రిపేర్లు చేసే ఒకాయనకి ఇచ్చాను.

ఆయన ఆ పెట్టె విప్పనే లేదు. కీ మెల్లగా తిప్పుతూ "వినండి సార్" అన్నారు. నట్ (మెడ చివర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) దగ్గర టింగుమని చప్పుడు. తీగ గాడిలో ఇరుక్కుని ఒక్కసారిగా జారితే వచ్చే శబ్దమట. "ఇది పట్టేస్తుంటే ఎంత ఖరీదైన ట్యూనర్ పెట్టినా దండగే" అంటూ గాడిని సన్నటి ఫైల్‌తో సరిచేసి, పెన్సిల్ ములుకు పొడి రాశారు. స్ట్రాట్ హెడ్‌స్టాక్ (కీలు ఉండే తల భాగం) వెనక్కి వంగి ఉండదు కాబట్టి సన్న తీగలను కిందికి నొక్కి పెట్టడానికి స్ట్రింగ్ ట్రీ అనే చిన్న కొక్కెం ఉంటుంది. అక్కడా రాపిడే, అక్కడా కాస్త లూబ్రికెంట్.

ఆ తర్వాతే ట్యూనర్లు. పోస్టులో (తీగ చుట్టుకునే ఇరుసులో) తీగను బిగించేస్తే ఒక చుట్టు కూడా నిండా పడదు, కాబట్టి చుట్లు సర్దుకుని శ్రుతి దిగే గొడవ లేదు. తీగలు మార్చడం మాత్రం ఎంత హాయో! కీ 18 సార్లు తిప్పితే పోస్టు ఒక్కసారి తిరుగుతుంది, అందుకే సన్నగా శ్రుతి చేసుకోవచ్చు.

పాత స్క్రూ రంధ్రాలు కలవక కొత్తవి వేయాల్సొచ్చింది, వెనక మచ్చలు కనిపిస్తాయి. ఆయన ఫోన్ ఎత్తరు, నేరుగా వెళ్లడమే. బైక్ మీదైతే మేలు, ఆ సందులో కారు పట్టదు. నాలుగున్నర స్టార్లు.